ఇసుక మీద ఇటుకలు, రెండుసార్లు

పర్లాకిమిడిలో మా పెరడు వానాకాలమంతా బురదే. సిమెంటు వేయిద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఎండాకాలం పెనంలా కాలుతుంది" అంది. సరే, ఇసుక మీద ఇటుకలు పరుచుకుంటే పోయె, సిమెంటు అక్కర్లేదు, మేస్త్రీ అక్కర్లేదు అని నేనే దిగాను.

పదికి పన్నెండడుగుల చోటు. 9 అంగుళాల ఇటుక బల్లపరుపుగా వేస్తే చదరపు అడుగుకి మూడున్నర పైనే పడతాయి. అంచులకీ విరిగేవాటికీ కలిపి 600 తెప్పించాను. రెండు ఇటుకలు ఒకదానికొకటి తాటిస్తే ఖంగుమనాలి. దబ్బుమన్నవి ఏరి పక్కన పెడితే నలభై తేలాయి.

ఆరంగుళాలు తవ్వి, మూడంగుళాలు ఇసుక పోసి పరిచేశాను. ముచ్చటగానే ఉంది. రెండు పెద్ద వానలు పడేసరికి బావి వైపు మూల కుంగిపోయింది, కుర్చీ వేస్తే ఓ కాలు దిగబడేది. మాది ఒడిశా, రాష్ట్రం గీత దాటితే ఆంధ్రలో పాతపట్నం, మా మామగారిది ఆ ఊరే. తాపీ పనిలో తల నెరిసిన మనిషి. వచ్చి చూసి, "ఏటల్లుడూ, పరుపు మీద పీట ఏసినావా?" అన్నారు. ఇటుకని కూర్చోబెట్టడానికే ఇసుకట, గుంతలు పూడ్చడానికి కాదట.

అన్నీ పీకాం. ఈసారి ఎనిమిదంగుళాలు తవ్వి, అడుగున నాలుగంగుళాల గ్రావెల్‌ని రెండు దఫాలుగా పోసి, తడిపి దిమ్మిస కొట్టాం. నా భుజాలు రెండ్రోజులు పైకి లేవలేదు. నీళ్లు పోవడానికి వాటం (వాలు) కూడా గ్రావెల్‌లోనే ఇవ్వాలి: అడుగుకి పావంగుళం, ఇంటి గోడ నుంచి బయటికి. ఇటుకలు పక్కకి జరగకుండా నాలుగు అంచులా నిలువు ఇటుకలు పాతి సిమెంటు పెట్టాం. నా "సిమెంటు అక్కర్లేదు" అక్కడితో సరి.

నాకు బాగా నచ్చింది ఇసుక చదును చేయడం. గ్రావెల్ మీద అంగుళం పైపులు రెండు పెట్టి, మధ్యలో మహేంద్రతనయ ఏటి ముతక ఇసుక పోసి, పైపుల మీద బద్ద ఆనించి లాగాలి. బద్ద ముందు ఇసుక అలలా పోగవుతుంది, వెనక అద్దంలా పరుచుకుంటుంది. పైపులు తీశాక మిగిలిన గాళ్లలో గుప్పెడు పోసి తాపీతో సర్దాలి. ఇక దాని మీద అడుగు పెట్టకూడదు, పరిచిన ఇటుకల మీదే కూర్చుని ముందుకి జరగాలి. ఆ సంగతి మా కుక్కకి ఎవరు చెబుతారు!

రెండేసి ఇటుకలు ఓసారి అడ్డంగా, ఓసారి నిలువుగా, చాప అల్లికలా వేద్దామని నా సరదా. తీరా కొలిస్తే ఇటుక వెడల్పు నాలుగుంపావే. రెండు పక్కపక్కన పెడితే పొడుగుకి అరంగుళం తక్కువొస్తోంది. మూడు వరసలు వేసినవి తీసేసి, గోడ కట్టినట్టు అర ఇటుక జరుపుతూ, గుంట ఉన్న ముఖం కిందికి పెట్టి పరిచాం. రబ్బరు సుత్తితో తట్టి, నాలుగేసి ఇటుకలకోసారి రసమట్టం చూసుకున్నాం.

చివర్లో సందుల్లోకి సన్న ఇసుక ఊడ్చాం. టార్పాలిన్ మీద బాగా ఎండబెట్టాలి, తడిదైతే లోపలికి దిగదు. వారం తర్వాత మళ్లీ ఓసారి ఊడ్చాను.

ఈ వానలకి మూల కుంగలేదు. చీమలు మాత్రం రెండు చోట్ల ఇసుక పైకి తోడేశాయి. మిగిలిన అరబస్తా సన్న ఇసుక వసారాలో దాచి ఉంచాను.