ఆరుబయట ఫ్రీ కచేరీకి వెళ్తున్నారా?

బెజవాడలో ఎండాకాలం పాట వినాలంటే పొద్దుగూకాక, ఆరుబయటే. శ్రీరామనవమి పందిరైనా, పున్నమి ఘాట్‌లో వేసిన స్టేజీ అయినా టికెట్ లేదంటే సీటు నంబరూ లేదన్నమాట. చోటు మనమే చూసుకోవాలి.

ముందు వరస కోసం కొట్టుకోకండి. అక్కడ పక్కనున్న స్పీకరు ఒక్కటే చెవిలో హోరెత్తిస్తుంది, పాటలో మాట తేలదు. జనం మధ్యలో సౌండ్ మిక్సర్ బల్ల ఉంటుంది చూడండి, దాని వెనకాలే కూర్చోండి. ఆపరేటర్ తన చెవికి బాగున్నట్టే సరిచేస్తాడు కాబట్టి ఆ బ్యాలెన్స్ మనకీ దక్కుతుంది. అలాగని మరీ వెనక్కీ పోకండి, స్టేజీ స్పీకర్లకి వంద మీటర్ల దూరంలో శబ్దం దాదాపు 0.3 సెకను ఆలస్యంగా వస్తుంది. తెర మీద పెదాలు ఒకటి, వినపడేది ఇంకొకటి! జనరేటర్ వైపు అసలు వద్దు, పొగ.

ఘాట్ మెట్లు పగలంతా కాగి ఉంటాయి, ఏడింటికి కూడా సెగ తగ్గదు. పల్చటి దుప్పటి చాలదు, జంపఖానా మడతేసి పరవండి. మనిషికి లీటరు నీళ్లు తక్కువ కాకుండా చూసుకోండి. తినడానికి ఏదో ఒకటి అక్కడే దొరుకుతుందిలెండి.

జనం చేరాక ఫోన్లు కలవవు. విడిపోకముందే ఫలానా లైటు స్తంభం దగ్గర అని అనుకోండి. "స్టేజీ పక్కనే ఉన్నాన్రా, వచ్చెయ్" అంటే ఇక దొరికినట్టే! ఈదురుగాలి రేగితే మాత్రం పాట పూర్తవ్వాలని చూడొద్దు, లైట్లు కట్టిన ఇనప ఫ్రేముల దగ్గర్నుంచి ముందు లేవండి.