తుంటికి ఆపరేషన్, చెవులకు ఉపశమనం

టీవీ సౌండ్ సంగతి ముందు మా అమ్మాయే కనిపెట్టింది. రెండో ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. వాకర్ పక్కన పెట్టుకుని వార్తలు చూస్తున్నాను. "అమ్మా, సౌండ్ నువ్వే తగ్గించావా?" అంది. నేనే. చెవులు హోరెత్తుతున్నాయని తగ్గించాను. మూడేళ్లుగా పెంచడమే తప్ప తగ్గించడం ఎరగని మనిషిని. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

మొదటి ఆపరేషన్ 2008లో. ఎడమ తుంటి ఎముక గుండుకి రక్తం అందక కుంగిపోయింది. అప్పుడు నాకు 44. కీలు మార్చాలన్నారు. గుండు తిరిగే గిన్నె ప్లాస్టిక్‌ది పెడితే నా వయసుకి త్వరగా అరిగిపోతుందని, గుండూ గిన్నే రెండూ లోహానివే వేశారు. గుండు పెద్దది, కీలు జారదు, ఎక్కువ కాలం మన్నుతుంది అనేవారు ఆ రోజుల్లో. మూడు నెలల్లో మామూలుగా నడిచాను. రెండేళ్లు గడిచేసరికి లోపల ఒక వస్తువు ఉందన్న సంగతే మర్చిపోయాను.

2011 చివర్లో నీరసం మొదలైంది. అలసట లాంటిది కాదది. రాత్రంతా నిద్రపోయి లేచినా, ఎవరో నా చేత చాకిరీ చేయించుకుని వదిలినట్టు ఉండేది. తర్వాత చెవుల్లో హోరు. క్లాసులో వెనక బెంచీ పిల్లలు ఏమంటున్నారో వినబడక, నవ్వితే నన్ను చూసే నవ్వుతున్నారనుకునేదాన్ని. నోట్లో నాణెం చప్పరిస్తున్నట్టు రుచి. అరికాళ్లలో తిమ్మిర్లు. అన్నిటికంటే భయపెట్టింది మాటలు తప్పిపోవడం. ఒకరోజు దువ్వెన కావాల్సి వచ్చి, ఆ మాట రాక, చేత్తో తల దువ్వుకుంటున్నట్టు సైగ చేశాను. మా ఆయన నవ్వారు. నేను స్నానాల గదిలోకి వెళ్లి ఏడ్చాను.

డాక్టర్ల చుట్టూ తిరగడం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. థైరాయిడ్ తక్కువుందని ఒకరు మాత్ర రాశారు. రిపోర్టులో అంకె సర్దుకుంది, నేను సర్దుకోలేదు. చెవుల డాక్టరు నరం దెబ్బతింది, మిషన్ పెట్టుకోమన్నారు. తిమ్మిర్లకి బీ12 ఇంజెక్షన్లు. ఈ వయసు ఆడవాళ్లకి ఇవన్నీ మామూలే, టెన్షన్ తగ్గించుకోండి అని ఇంకొకాయన. నీరసం పోవాలంటే రోజూ నలభై నిమిషాలు నడవమన్నారు మరొకరు. బుద్ధిమంతురాల్ని కదా, వాన పడినా మానకుండా నడిచాను. ఆ నడక గురించి తర్వాత తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వీళ్లలో ఎవరూ తుంటి గురించి అడగలేదు. నేనూ చెప్పలేదు. చెవి చూపించుకోవడానికి వెళ్లి తుంటి గురించి ఎవరు చెబుతారు?

2014లో గజ్జల్లో నొప్పి వచ్చింది. ఎక్స్‌రేలో కీలు చక్కగా కూర్చునే ఉంది. ఎమ్మారై తీస్తే కీలు చుట్టూ నీరు చేరి కనిపించింది. కొత్త కీలు వేయాలన్నారు. ఈసారి గుండు సిరామిక్‌ది, గిన్నె ప్లాస్టిక్‌ది. నాకు నొప్పి తగ్గితే చాలు, అంతకుమించి ఆశ లేదు. ఆపరేషన్ 2015 మొదట్లో జరిగింది. తెరిచి చూస్తే లోపల కండ బూడిదరంగుకి తిరిగి ఉందట, నీరు నల్లగా ఉందట. మర్నాడు రక్తం తీసి బయటి ల్యాబుకి పంపారు. ఎందుకని నేను అడగలేదు.

ఆరో వారం చెకప్‌కి వెళ్లాను. డాక్టరు రిపోర్టు చూస్తూ తలెత్తకుండా, "చెవులు ఎలా ఉన్నాయండీ?" అన్నారు. తుంటి డాక్టరుకి నా చెవులతో పనేమిటి? అప్పుడు ఒక్కొక్కటే అడిగారు. నీరసం, మతిమరుపు, తిమ్మిర్లు, నోటి రుచి, థైరాయిడ్. జాతకం చెప్పేవాళ్లు కూడా అంత వరసగా చెప్పరు.

రక్తంలో కోబాల్ట్ లీటరుకు 64 మైక్రోగ్రాములు. మామూలుగా ఒకటి కూడా ఉండదు. ఇలాంటి కీలున్నవాళ్లలో 7 దాటితే గట్టిగా గమనించాలని బ్రిటన్ వైద్య పరికరాల నియంత్రణ సంస్థ 2010లోనే చెప్పింది. గుండు, గిన్నె ఒరుసుకుని కంటికి కనబడని పొడి రాలుతుంది. అందులోంచి కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి దిగుతాయి. కిడ్నీలు బయటికి తోస్తూనే ఉంటాయి, కానీ నేను ఆరోగ్యం కోసమని నడుస్తూ ఇంకా రాలుస్తూనే ఉన్నాను. బీ12లో కూడా కోబాల్ట్ ఉంటుంది, కాకపోతే అది విటమిన్‌లో బిగించి ఉంటుంది కాబట్టి హాని లేదు. విడి కోబాల్ట్ వేరు. 1965-66లో కెనడాలోని క్యూబెక్‌లో బీరు నురగ నిలవడానికి కోబాల్ట్ ఉప్పు కలిపితే, విపరీతంగా తాగేవాళ్లలో దాదాపు 50 మందికి గుండె కండరం దెబ్బతింది, 20 మంది దాకా పోయారు. ఇది చదివిన రాత్రి నిద్రపట్టలేదు. వెంటనే గుండెకి ఎకో తీయించుకున్నాను. బాగానే ఉంది.

2010లోనే ఇలాంటి కీళ్లలో ఒక రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారట. నాది ఆ రకం కాదు. కానీ అప్పుడైనా లోహపు కీలున్నవాళ్లందరినీ పిలిచి ఒక రక్తపరీక్ష చేసి ఉంటే, నా మూడేళ్లు నాకు మిగిలేవి. ఈ కోపం ఇంకా పోలేదు, పోగొట్టుకోవాలని కూడా లేదు.

మూడు నెలలకి కోబాల్ట్ అంకె 5కి దిగింది, ఏడాదికి 2 లోపుకి వచ్చింది. నోట్లో నాణెం రుచి అన్నిటికంటే ముందు పోయింది, ఏ రోజు పోయిందో కూడా గమనించలేదు. థైరాయిడ్ మాత్ర సగమైంది. దువ్వెన దువ్వెనగానే గుర్తొస్తోంది. అన్నీ కోబాల్ట్ వల్లేనా అని అడిగితే డాక్టరు, "చాలావరకు అయ్యుండచ్చు" అని ఆగారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

కుడి చెవి పూర్తిగా రాలేదు. సన్నని శబ్దాలు అందవు, రాత్రిపూట హోరు సన్నగా ఉంటుంది. మిషన్ మాత్రం డబ్బాలోనే ఉంది. ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా కుర్చీలో కూర్చోగానే తుంటి నుంచి మొదలుపెడతాను. మొన్న పళ్ల డాక్టరు రెండు నిమిషాలు ఓపికపట్టి, "సరేనమ్మా, ఇక నోరు తెరవండి" అన్నాడు.