ఒక్క చేప, ఆరేళ్ళ పని

కాలిఫోర్నియా తీరం అవతల, 3,268 మీటర్ల లోతులో 2019లో ఒక రోబో కెమెరాకి కనిపించిన గులాబీ రంగు చేప కొత్త జాతి అని 2025లో తేల్చారు. పేరు కేరెప్రాక్టస్ కొల్లిక్యులి, స్నెయిల్‌ఫిష్ కుటుంబం. గుండ్రటి తల, పెద్ద కళ్ళు, ఒళ్ళంతా సన్నటి బుడిపెలు. భలే ముద్దుగా ఉంది!

ఒడిశాలోని గోపాల్‌పూర్ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మావయ్యకి వీడియో చూపిస్తే, "పొలుసేదిరా దీనికి?" అన్నాడు. ఈ కుటుంబానికి పొలుసు ఉండదు. దొరికింది అరచేతిలో పట్టే ఒకే ఒక్క చేప. అందుకే పాడవకుండా సీటీ స్కాన్ తీసి వెన్నుపూసలు, రెక్కల ముళ్ళు లెక్కపెట్టారు. డీఎన్ఏ కూడా తెలిసిన జాతులతో పోల్చారు. "ఒక్క చేపకి ఆరేళ్ళా? మా దగ్గరైతే గంటలో వేలం అయిపోద్ది" అని మావయ్య ఒకటే నవ్వు.

నాకైతే ఆ నిదానమే నచ్చింది. తొందరపడి పేరు పెట్టేస్తే తర్వాత చిక్కు.

ఇలాంటివి అమెరికాలోనే జరుగుతాయనుకోకండి. లోతు సముద్రం కాదు గానీ, మన గోపాల్‌పూర్ తీరంలో దొరికిన ఒక పాము చేపకి 2018లో జిమ్నోథొరాక్స్ ఒడిశి అని పేరు పెట్టారు. పక్కనే ఉన్న బరంపురంలో ఎంతమందికి తెలుసో మరి!