“అమీర్‌పేటలో కొన్నారా?” అన్నారు: మా క్లౌడ్ ప్రాజెక్టు, నా అనుభవం

నిన్ననే మా ఫైనల్ రివ్యూ అయిపోయింది. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను నల్గొండలో బీటెక్ చదువుతున్నాను. నలుగురం కలిసి క్లౌడ్ కంప్యూటింగ్ ప్రాజెక్టు చేశాం, అంటే సొంత కంప్యూటర్లో కాకుండా ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్ మీద నడిచేది. బత్తాయి రైతు తన కాయ ఫోటో, ఎన్ని టన్నులు, ఏ ఊరు అన్నది ఫోన్‌లో పెడితే వ్యాపారులు ధర చెప్పే వెబ్‌సైట్ అది. మా నాన్నకు హాలియా దగ్గర మూడెకరాల తోట ఉంది. ఏటా దళారి చెప్పిన రేటుకే కాయ పోతుంది. అందుకే ఆ ఆలోచన నాదే, కోడ్‌లో ముప్పావు వంతు కూడా నేనే రాశాను.

టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, మొదటి రివ్యూ ఇబ్బంది లేకుండా గడిచాయి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ వాళ్ల క్లౌడ్) అకౌంటుకు అన్నయ్య డెబిట్ కార్డు పెట్టాం, 2 రూపాయలు కట్ అయి వెనక్కి వచ్చాయి. ముంబై రీజియన్‌లో, అంటే వాళ్ల సర్వర్లు ఉండే చోట, చిన్న సర్వర్ ఒకటి తీసుకుని, ఫోటోలు వాళ్ల ఫైళ్లు దాచే సర్వీసు ఎస్3లో పెట్టాం. 2022 నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్ ఉంది, కానీ దాన్ని విడిగా ఎనేబుల్ చేసుకోవాలి. ఆ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.

రిపోర్టులు క్లాక్ టవర్ దగ్గర బైండింగ్ చేయించాం. మొదటి పేజీలోనే సైట్ అడ్రస్, దాని క్యూఆర్ కోడ్ వేయించాం.

రివ్యూలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ కోడ్ స్కాన్ చేశారు. తెల్ల పేజీ వచ్చింది. పైన నీలం గీత సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన బొటనవేలితో పేజీని కిందికి లాగారు. మళ్లీ తెల్ల పేజీయే. మూడోసారి లాగి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశారు. నాకు నోరు ఎండిపోయింది. కన్సోల్‌లో (సర్వర్‌ని నడిపించే ఏడబ్ల్యూఎస్ పేజీలో) చూస్తే సర్వర్ ‘రన్నింగ్’ అనే ఉంది.

అప్పుడు మా గైడ్, తర్వాతి బ్యాచ్ అంతా వింటుండగా, “ఏంటమ్మా ఇది, అమీర్‌పేటలో కొనుక్కొచ్చారా?” అన్నారు. హైదరాబాద్ అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్ముతారు, ఆ దెప్పిపొడుపు అది.

నాలుగు నెలల్లో ఆయన మా సైట్ ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. లాగ్‌బుక్‌లో సంతకాలు మాత్రం వారం వారం పెట్టారు. ఆ రోజు నిజంగా కొన్నవాళ్ల ప్రాజెక్టులు టకటకా నడిచాయి. ఎందుకు నడవవు? వాళ్లవి లోకల్‌హోస్ట్‌లో, అంటే సొంత ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. క్లౌడ్ అని పేరు పెట్టి క్లౌడ్ ముఖం చూడని ప్రాజెక్టులవి. సొంతంగా చేసినవాళ్లకేమో ఆ మాట పడింది.

వరండాలోకి వచ్చాక కళ్లలో నీళ్లు ఆగలేదు. కాసేపటికి రిపోర్టులోని అడ్రస్‌నీ కన్సోల్‌లోని అడ్రస్‌నీ పక్కపక్కన పెట్టి చూశాను. రిపోర్టులో ఐపీ (ఇంటర్నెట్‌లో సర్వర్‌కుండే నంబర్ అడ్రస్) 13తో మొదలైంది, కన్సోల్‌లో 65తో. అడిగితే మా టీం లీడర్ చెప్పాడు, క్రెడిట్లు (అకౌంటులో ఉన్న ఉచిత వాడకపు సొమ్ము) ఎందుకు దండగ అని ముందు రోజు రాత్రి సర్వర్ ‘స్టాప్’ చేసి పొద్దున ‘స్టార్ట్’ నొక్కాడట. స్టాప్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే పాత పబ్లిక్ ఐపీ పోతుంది, కొత్తది వస్తుంది. ‘రీబూట్’ చేస్తే మారదు. మారకుండా ఉండాలంటే ఎలాస్టిక్ ఐపీ, అంటే మనకే కేటాయించే స్థిరమైన అడ్రస్, తగిలించుకోవాలి. మేము తగిలించలేదు.

లోపలికి వెళ్లి “సర్, ఐదు నిమిషాలు ఇవ్వండి” అని అడిగాను. టైం అయిపోయిందని గైడ్ అన్నారు. ఎగ్జామినర్ “చెప్పనివ్వండి” అన్నారు. బోర్డు మీద కొత్త ఐపీ రాశాను. ఆయన టైప్ చేశారు. నాన్న పెట్టిన కాయల కుప్ప ఫోటో అన్నిటికంటే ముందు తెరుచుకుంది. ఐపీ ఎందుకు మారిందో చెప్పాను. వెయ్యి మంది రైతులు ఒకేసారి వస్తే ఏమవుతుందని అడిగారు. ఒక్క సర్వరే ఉంది, ఆటో స్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లు పెంచేది) పెట్టలేదు, ఆగిపోతుంది సర్ అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తల ఊపి రాసుకున్నారు. మార్కులు ఇంకా తెలియవు.

మీరు చేసేటప్పుడు ఎలాస్టిక్ ఐపీ మొదటి రోజే తీసుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి ఏడబ్ల్యూఎస్‌లో ఏ పబ్లిక్ ఐపీవీ4 (మామూలు రకం ఐపీ) అడ్రస్‌కైనా గంటకు అర సెంటు, అంటే నెలకు 3.6 డాలర్ల దాకా పడుతుంది. ఎలాస్టిక్ కాకపోయినా అంతే, కాబట్టి వెనకాడొద్దు. ఖర్చు దాటితే హెచ్చరించే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. కార్డు లేనివాళ్లకు మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ అజూర్ స్టూడెంట్ అకౌంటులో, కార్డు అడగకుండానే 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. రివ్యూ ముందు రాత్రి మాత్రం ఎవరినీ కన్సోల్ ముట్టుకోనివ్వకండి, అది టీం లీడరైనా సరే.

సాయంత్రం మా గైడ్ వరండాలో ఎదురై “బాగా చెప్పావమ్మా” అన్నారు. ఆ మాట అనేటప్పుడు చుట్టూ ఎవరూ లేరు. నేను “సరే సర్” అని వచ్చేశాను.

సైట్ ఇంకా నడుస్తోంది. క్రెడిట్లు ఉన్నన్నాళ్లు ఆపను. ఈసారి కాయ కోయగానే ఫోటో పెడతానని నాన్న రాత్రి ఫోన్‌లో అన్నాడు.