ఇరుసుకి కందెన పెట్టావా?

ఏప్రిల్ వచ్చిందంటే తణుకు నుంచి నాన్న మొదట అడిగేది ఇదే. నా ఉద్యోగం, పిల్లల చదువు తర్వాత.

నాలుగేళ్ల కిందట ఇక్కడ నార్త్ కరోలినాలో, కేరీలోని మా గరాజ్‌లో టియర్‌డ్రాప్ ట్రైలర్ కడుతూ వీడియో కాల్‌లో ఆయనకు చూపించాను. పక్కనుంచి చూస్తే నీటిబొట్టు ఆకారం, లోపల ఇద్దరికి పడక, వెనక తలుపు ఎత్తితే వంటిల్లు. "గూడుబండే కదరా, దీనికింత ఇంగ్లీషు పేరెందుకు?" అన్నారు. ఇంట్లో ఇక అదే పేరు.

కింద ఉన్నది 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న ట్రైలర్ కిట్. పైదంతా ప్లైవుడ్, మధ్యలో ఫోమ్, దాని మీద పల్చటి అల్యూమినియం రేకు. మా హోండా సీఆర్‌వీ లాగగలిగేది 1,500 పౌండ్లే కాబట్టి ప్రతి చెక్కకీ లెక్క చూసుకున్నాను. 900లో ముగుస్తుందనుకుంటే, ట్రక్కుల కాటా మీద పరుపూ స్టవ్వూ నీళ్లతో సహా 1,040 తూగింది. అట్లకి ఇనప పెనమే కావాలని మా ఆవిడ పట్టు. ఆ లెక్కలోకి నేను పోను.

మొదటి ట్రిప్పు జోర్డాన్ లేక్‌కి. స్పీడు 60 మైళ్లు దాటగానే వెనక బండి తోక ఊపడం మొదలుపెట్టింది. చేతులు చెమటలు పట్టాయి. సాయంత్రం నాన్నకి చెబితే, "సామానంతా వెనకేశావా? వెనక బరువైతే కాడి పైకి లేవదూ!" అన్నారు. నిజమే, నీళ్ల క్యానూ బ్యాటరీ వంటింట్లోనే ఉన్నాయి. ఇంటికొచ్చి, బాత్‌రూమ్‌లో బరువు చూసుకునే మిషన్ని, కారుకి తగిలించే ట్రైలర్ ముక్కు కింద పెడితే 60 పౌండ్లే చూపించింది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద పడాలి. ఆ రెండింటినీ ముందు పెట్టెలోకి మార్చాక 125కి వచ్చింది. తోక ఊపడం ఆగింది.

అసలు దెబ్బ నీళ్లతో తగిలింది. పోయిన అక్టోబరులో బ్లూ రిడ్జ్ కొండల్లో రాత్రంతా వాన. ఇంటికొచ్చాక లోపల బూజు వాసన. వెనక తలుపు కీలు పక్కన బొటనవేలితో నొక్కితే ప్లైవుడ్ టీలో నానిన బిస్కెట్‌లా లోపలికి పోయింది. తప్పు నాదే. కీలు కింద నీళ్లు దిగనివ్వని బంక పట్టీ, అదే బ్యూటైల్ టేప్, వేయాల్సిన చోట సిలికాన్ పూసి చేతులు దులుపుకున్నాను. అది అంచున లేచిపోయి, నీళ్లు స్క్రూల వెంబడి చెక్కలోకి దిగాయి. జానెడు ముక్క కోసి, మిగతాదాన్ని రెండు వారాలు ఫ్యాన్ కింద ఆరబెట్టి, కొత్త చెక్క అతికించాను. స్క్రూ కన్నాలు పెద్దవి చేసి ఎపాక్సీ జిగురు నింపి, అది గట్టిపడ్డాక అందులోనే మళ్లీ కన్నం వేశాను. ఇప్పుడు స్క్రూ పక్కన నీళ్లు చేరినా చెక్కని తాకవు. పాత సిలికాన్‌ని గీకి గీకి వేళ్లు వాచాయి, అది కొంచెం మిగిలినా దాని మీద ఏదీ అంటుకోదు. ఆరునెలలకోసారి పైపుతో నీళ్లు కొడతాను. మా అమ్మాయి టార్చి పట్టుకుని లోపల పడుకుంటుంది. "నాన్నా, చుక్క!" అని అరవనంత వరకు నిశ్చింత.

మొన్న ఆదివారం కందెన పని. చక్రం విప్పి, నాన్న బండి చీల చోట ఇక్కడుండే కాటర్ పిన్ లాగి, బేరింగులు కడిగాను. అరచేతిలో గ్రీజు పెట్టుకుని, అది రోలర్ల మధ్య నుంచి పైకి వచ్చేదాకా బేరింగ్‌ని అదిమాను. ఫోన్ స్టాండుకి పెట్టి ఉంది, నాన్న చూస్తున్నారు.

"నీలంగా ఉందేంట్రా?"

"నీళ్లు తగిలినా పోని గ్రీజు నాన్నా."

"మేం ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపేవాళ్లం. వాసన చూడు."

చూశాను. పెద్దగా ఏ వాసనా లేదు.

"అయితే అది కందెనెలా అవుద్ది?" అని ఫోన్ అమ్మకిచ్చేశారు.