మా ఊరి గుడి కోసం మూడు రోజులు

హనుమకొండ బస్టాండులో దిగేసరికి పొద్దున్న ఏడు కూడా కాలేదు. 2024 మార్చి, శివరాత్రి వెళ్లి వారం. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని పండుగ నాడే, మార్చి 8న, మళ్లీ తెరిచారని పేపర్లో చదివినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. 2006లో విప్పిన మండపం అది. అప్పుడు నేను బీఈడీ చదువుతున్నాను. తిరిగి నిలబడేసరికి నా కొడుకు ఇంటర్‌కి వచ్చాడు.

ఈ ప్రయాణానికి అసలు కారణం మాత్రం మా ఊరి గుడి. చెరువు కట్ట దిగువన, మూడు గర్భగుళ్లున్న చిన్న గుడి. స్తంభాల నునుపు, ద్వారబంధం మీది చెక్కడం చూస్తే కాకతీయుల కాలం నాటిదని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ ఏ రక్షిత కట్టడాల జాబితాలోనూ దాని పేరు లేదు. పదిహేనేళ్ల కిందట కప్పు కురుస్తోందని ఊరంతా చందాలు వేసుకుని పైన సిమెంటు పోయించాం, స్తంభాలకు ఎనామిల్ పెయింట్ వేయించాం. చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. భక్తితోనే చేశాం. మూడో వానాకాలానికే లోపలి గోడలకు చెమ్మ ఎక్కింది. రంగు కింద రాయి పెచ్చులు పెచ్చులుగా లేచి వస్తుంటే, ఒక పెచ్చుతో పాటు చిన్న హంస బొమ్మ తల కూడా ఊడిపోయింది. ఆ ముక్కను కాగితంలో చుట్టి ఇంట్లో బీరువాలో దాచాను.

ఈమధ్య ఊళ్లో కుర్రాళ్లు వచ్చి, “సార్, గవర్నమెంటు గ్రాంటు ఏదైనా వస్తదా, మీరు కనుక్కోండి” అన్నారు. గ్రాంటు ఎవరిస్తారు, ఏ పనికి ఇస్తారు, ఆ డబ్బుతో పని ఎలా చేస్తారు? కళ్లారా చూసి వద్దామని మూడు రోజులు సెలవు పెట్టాను.

వేయి స్తంభాల గుడిని కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించాడు. గుడికి, మండపానికి మధ్య నల్లని నంది. నంది వెనక నిలబడి మండపం వైపు చూస్తే మొదట పాత, కొత్త తేడా తెలియదు. దగ్గరికి వెళ్లి ఒక స్తంభం పక్కన కూర్చుంటే తెలుస్తుంది. పాత రాయి చేతులు తగిలి తగిలి నల్లగా నిగనిగలాడుతోంది, పక్కనే కొత్తగా చెక్కి చేర్చిన ముక్క బూడిద రంగులో ఉంది. తేడా దాచలేదు. ఏది పాతదో ఏది కొత్తదో రేపటివాళ్లకు తెలియాలి కాబట్టి అలా ఉండటమే నయం అనిపించింది.

కాకతీయుల గుళ్ల పునాది కింద ఇసుక ఉంటుంది. ఆ ఇసుక కదిలితే పైన స్తంభాలు ఒరుగుతాయి. పైపై రిపేర్లతో లాభం లేక అందుకే రాయి రాయీ విప్పి, గుర్తులు పెట్టి, పునాది నుంచి ఎత్తాల్సి వచ్చింది. విప్పడానికి పట్టేది కొద్దికాలం, ఎత్తడానికి ఏళ్లు. మధ్యలో డబ్బు ఆగినా, పని తెలిసిన శిల్పులు దొరక్కపోయినా రాళ్లు ఎండకూ వానకూ పడి ఉంటాయి. ఇది కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్న గుడి కాబట్టి ఎంత ఆలస్యమైనా అడిగే దిక్కు ఉంది. తెలంగాణ మొత్తంలో అలా కేంద్రం రక్షణలో ఉన్నవి 8 మాత్రమే. కొన్ని వందలు రాష్ట్రం చేతిలో ఉన్నాయి. మా ఊరి గుడి లాంటివాటికి ఊరే దిక్కు.

మధ్యాహ్నం బస్సెక్కి ఉప్పల్‌లో మా బాబాయి కొడుకు ఇంట్లో దిగాను. వాడు నన్ను చూసి, “అన్నా, హైదరాబాద్ వచ్చి సమాధులు చూస్తవా?” అన్నాడు. మర్నాడు తనే బండి మీద గోల్కొండ దాకా తీసుకెళ్లాడు.

కుతుబ్‌షాహీ సమాధులు నేను పదో తరగతిలో విహారయాత్రకు వెళ్లినప్పుడు చూశాను. గుమ్మటాల మీద మొక్కలు మొలిచి, గోడలన్నీ నల్లబడి ఉండేవి. ఇప్పుడు ఆ చోటు గుర్తుపట్టలేకపోయాను. 2013 నుంచి రాష్ట్ర వారసత్వ శాఖతో కలిసి ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు ఇక్కడ పని చేస్తున్నారు. 106 ఎకరాలు, చిన్నా పెద్దా కలిపి వంద కట్టడాలు. నేను వెళ్లేసరికి పని చివరికొచ్చింది. ఆ ఏడు జూలైలో పూర్తయిందని తర్వాత చదివాను. 2013 వానలకు ఒక పక్క కూలిపోయిన బడీ బావిని మళ్లీ కట్టి నిలబెట్టారు. అందులో వాననీళ్లు చేరుతున్నాయి. మెట్ల మీద కూర్చుంటే కింద నుంచి చల్లదనం ముఖానికి కొడుతుంది. ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి గోడ మీద రంగు పింగాణీ పలకల ముక్కలు కొన్ని ఇంకా అతుక్కుని ఉన్నాయి. తెలుగు కవులను పిలిచి పీట వేసి, వాళ్ల నోట మల్కిభరాముడు అనిపించుకున్న సుల్తాను ఆయన. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

నేను వెతుక్కుంటూ వచ్చింది మాత్రం తారామతి, ప్రేమామతి సమాధులు. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో పాడి ఆడిన కళాకారిణులు వీళ్లు. సుల్తానుల పక్కనే వాళ్లకూ చోటు దొరికింది. ఈ రెండు సమాధుల పనికి 2019లో అమెరికా ప్రభుత్వం 1,03,000 డాలర్ల గ్రాంటు ఇచ్చింది, అప్పటి లెక్కలో 70 లక్షల రూపాయల పైచిలుకు. ఇతర దేశాల్లోని పాత కట్టడాలు, కళలు కాపాడటానికి అక్కడి పార్లమెంటు 2001లో పెట్టించిన నిధి అది, రాయబారి పేరు మీద నడుస్తుంది. ఎక్కడో వాషింగ్టన్‌లో పన్ను కట్టిన మనిషి డబ్బు ఇక్కడ ప్రేమామతి గుమ్మటానికి సున్నమైంది. ఆ మాట తలచుకుంటే ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే మా ఊరి గుడి గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

సాయంత్రం సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధులకు వెళ్లాం. నిజాంల కొలువులో పెద్ద జాగీర్దార్లు పైగా వంశం వాళ్లు. ఇక్కడి గచ్చు పని, అంటే సున్నంతో దిద్దే నగిషీ, గురించి వినడమే గానీ చూడటం అదే మొదటిసారి. జాలీలు, అంటే చిల్లుల అల్లిక ఉన్న తెరగోడలు, ఒకదానిలా ఇంకొకటి లేవు. ఇక్కడ ఆరు సమాధుల పనికి అదే అమెరికా నిధి నుంచి దాదాపు రెండున్నర లక్షల డాలర్లు ఇస్తున్నట్టు 2023లో ప్రకటించారు. ఒక పక్క పరంజాలు కట్టి ఉన్నాయి. వాటి కింద పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన కూర్చుని సన్నని తాపీతో ఒక పువ్వు రేకును దిద్దుతున్నాడు. నేను చూస్తూ నిలబడితే, “కూసోండి సారూ” అని పక్కన గోనెసంచి పరిచాడు.

ఆయన ముందు ఇనుప గమేళాలో డంగు సున్నం ఉంది. వెన్నలా ఉంది. నెలకు పైగా నీళ్లలో నానిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా నలుగగొడతారట. బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు కలుపుతారట. వాసన చూడమని ముద్ద ఒకటి నా ముక్కు దగ్గర పెట్టాడు. తీపి వాసన, దాని వెనకే తడిసిన మట్టి వాసన. వేలికి రాసుకుంటే చల్లగా ఉంది.

“సిమెంటుతో ఒక్క రోజుల అయిపోతది గదా?” అని అడిగాను.

ఆయన పని ఆపాడు. “అయితది సారూ. కానీ సిమెంటు గాలి ఆడనియ్యది. లోపలి చెమ్మ బయటికి రాక గోడల్నే తిరుగుతది, ఉప్పు కట్టి పాత గచ్చును పగలగొడతది. సున్నమైతే చెమ్మ పీలుస్తది, మళ్ల ఇడుస్తది. మొదట మా పని ఏందో తెల్సా? ఎన్కటోళ్లు పూసిన సిమెంటును ఉలితోని గీకి తీసుడు. గది తీసుడే నెలలు పట్టింది.”

నాకు గొంతు పట్టేసింది. మా గుడి పైన మేము పోయించిన సిమెంటు గురించి చెప్పాను. ఆయన తప్పు పట్టలేదు. “మీరొక్కరే కాదు సారూ, ఊరూరా గట్లనే చేసిన్రు. మెల్లగ తీయొచ్చు. కానీ మిషన్ పెట్టకుండ్రి, రాయి కదులుతది. ఉలి, సుత్తె, ఓపిక. అంతే.” పూసిన రేకు మీద తడి గోనె కప్పాడు. రోజుల తరబడి అలా తడుపుతూ ఉండాలట, తొందరపడితే పగులుతుందట. గ్రాంటు డబ్బులో పెద్ద భాగం ఎటు పోతుందో అక్కడ అర్థమైంది. ఇలాంటి చేతులకు దినదినం కూలి కట్టి, తొందర పెట్టకుండా కూర్చోబెట్టడానికే.

మూడో రోజు కోఠి. ముందే అనుమతి తీసుకుని ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైన పాత మహిళా కళాశాలలో ఉన్న రెసిడెన్సీ భవనం చూశాను. నిజాం దగ్గర బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి, అంటే రెసిడెంటు, కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టించిన మేడ, మెట్లకు అటూ ఇటూ సింహాలు. 1857 తిరుగుబాటప్పుడు, జూలైలో, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడికి దిగింది ఈ రెసిడెన్సీ మీదే. 1949 నుంచి ఆడపిల్లల చదువుకు నిలయం. ఇది కూలిపోయే ప్రమాదంలో ఉందని ప్రపంచ కట్టడాల నిధి సంస్థ తన జాబితాలో చేర్చింది 2002లో. అమెరికా నిధి నుంచి లక్ష డాలర్లు వచ్చాయి, మరికొందరు దాతలు కలిశారు. బాగు చేసిన భవనాన్ని తెరిచింది 2023 జనవరిలో. అంటే 21 ఏళ్లు. నేను వెళ్లినప్పుడు ఇద్దరమ్మాయిలు సంచులు పక్కన పెట్టుకుని సింహం నీడలో రికార్డు రాసుకుంటున్నారు. ఆ దృశ్యం నాకు దర్బారు హాలు కన్నా అందంగా అనిపించింది.

అక్కడే పాత కట్టడాల మీద పనిచేసే ఒక ఆర్కిటెక్టు పరిచయమయ్యారు. మా గుడి సంగతి చెప్పగానే ఆవిడ డైరీ తీసి ప్రశ్నలు మొదలుపెట్టారు. “కొలతలతో ప్లాన్ ఉందా సార్? కప్పు ఫోటోలు? భూమి రికార్డుల్లో ఎవరి పేరు మీద ఉంది, దేవాదాయ శాఖదా, పంచాయతీదా? ఏ రాయి ఎక్కడిదో రాసుకున్నారా? బాగు చేశాక ఎవరు చూసుకుంటారు?” ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. “ఎవరు గ్రాంటు ఇచ్చినా మొదట ఇవే అడుగుతారు” అన్నారావిడ. విదేశీ నిధులైనా, 1996లో కేంద్రం పెట్టిన జాతీయ సాంస్కృతిక నిధి అయినా అంతే. ఆ నిధిలో దాతలు తమకు నచ్చిన కట్టడం పేరు చెప్పి డబ్బు ఇవ్వొచ్చు, పన్ను మినహాయింపు కూడా ఉంది. రాష్ట్రంలో 2017లో వారసత్వ చట్టం వచ్చింది కాబట్టి ముందు రాష్ట్ర శాఖకు దరఖాస్తు పెట్టి గుడిని జాబితాలోకి ఎక్కించమని సలహా ఇచ్చారు.

తిరుగు బస్సులో ఇదే ఆలోచన. 12వ ఆర్థిక సంఘం 2005 నుంచి ఐదేళ్లకు దేశంలోని రాష్ట్రాలన్నింటికీ కలిపి వారసత్వ కట్టడాల కోసం 625 కోట్లు సిఫారసు చేసింది. ఆ డబ్బు పేరున్న కోటలు దాటి మా లాంటి ఊరి దాకా ఎలా వస్తుంది? కోట్లు అక్కర్లేదు. కొలతలు గీయించడానికి, కప్పు మీది సిమెంటు తీయించి సున్నం వేయించడానికి, ఇద్దరు మేస్త్రీలను ఒక ఏడాది ఊళ్లో ఉంచడానికి సరిపడా చిన్న గ్రాంటు చాలు. అలాంటిది జిల్లా స్థాయిలోనే ఉండాలి. బడికి కొత్త గది అడగడానికి ఒక ఫారం ఉంది, ఎనిమిది వందల ఏళ్ల గుడికి ఎందుకు ఉండకూడదు? ఈ మాట కలెక్టరు గారికి రాయబోయే ఉత్తరంలో రాస్తాను, ఇక్కడా రాస్తున్నాను.

వచ్చిన ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లలు పదిమందిని వెంటబెట్టుకుని గుడికి వెళ్లాను. రెండు టేపులు, ఒక సెల్‌ఫోను, నాలుగు గళ్ల నోటు పుస్తకాలు. రాయి మీద ఏమీ రాయొద్దని, కాగితం మీదే గీయమని ముందే చెప్పాను. ఒక పిల్ల స్తంభం చుట్టుకొలత తీసింది, ఇంకొకడు రాసుకున్నాడు, మరొకడు ఫోటో తీశాడు. గుడి వెనక తుమ్మచెట్ల కింద పడి ఉన్న రాళ్లను కూడా లెక్కపెట్టాం. బీరువాలోంచి తెచ్చిన హంస తలను రంగమండపంలో మూడో స్తంభం దగ్గర పెట్టి చూస్తే సరిగ్గా కూర్చుంది. ఆ స్తంభం పేజీలో దాని బొమ్మ గీసి, కొలత రాయించి, మళ్లీ కాగితంలో చుట్టాను. పొద్దు వాలేసరికి 87 రాళ్లు రాశాం. ఉత్తరం వైపు ఇంకా మొదలుపెట్టలేదు. తహసీల్దారు ఆఫీసులో పహాణీ (భూమి రికార్డు) నకలు కోసం సోమవారం దరఖాస్తు పెట్టాను.