కాలిన అంచు

పైపు గోడ లోపల లీకైంది. బయటికి తడి కనిపించలేదు కాబట్టి మాకు తెలిసేసరికి రెండు రోజులు గడిచిపోయాయి. బీరువా కింది అరలో ఉన్న అట్టపెట్టెను పైకి ఎత్తబోతే, అడుగు మెత్తబడి చేతిలోకే ఊడి వచ్చింది. అందులో ఉన్నవి అన్నయ్య ఎల్పీ రికార్డులు, 43.

మిగతావన్నీ వదిలేసి ముందు ఒక్కదాని కోసం వెతికాను. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం వాళ్ళ 'విష్ యూ వర్ హియర్', 1975లో వచ్చింది. ఆ కవరు తెలియనివాళ్ళకి చెబుతాను. పెద్ద పెద్ద షెడ్ల మధ్య ఖాళీ దారి. ఎండ. సూట్లు వేసుకున్న ఇద్దరు మగాళ్ళు ఎదురుపడి చేతులు కలుపుతున్నారు. వాళ్ళలో ఒకాయన మండిపోతున్నాడు. వీపు మీద, భుజాల మీద, తల వెనక మంటలు. అయినా చెయ్యి వదలడు.

అన్నయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. ఆ రికార్డు తెచ్చిన రోజు దాని మీద ఏ బొమ్మా కనబడలేదు. కవరు మొత్తానికి బిగుతుగా నల్ల ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంది, దాని మీద ఒక గుండ్రటి స్టిక్కర్. స్టిక్కర్లో రెండు మరమనిషి చేతులు కరచాలనం చేస్తుంటాయి. చాలామంది ఆ నల్ల తొడుగును చింపి పారేసేవాళ్ళట. అన్నయ్య మాత్రం బ్లేడుతో ఒక్క పక్కే కోశాడు. "కళ్ళు మూసుకో" అన్నాడు. మూసుకున్నాను. ప్లాస్టిక్ లోంచి అట్ట జారుతున్న చప్పుడు వినిపించింది. "ఇప్పుడు చూడు."

చూసి హడలిపోయాను. పాట వినకముందే నాకు ఆ మనిషి గురించి దిగులు పట్టుకుంది. "ఆయనకి కాలట్లేదా అన్నయ్యా?" అని వారం రోజులు అడిగాను. "కాలితే చెయ్యి వదిలేసేవాడు కదే" అనేవాడు. ఆ జవాబుతో నిద్రపోయేదాన్ని.

ఇప్పుడు అదే కవరు నా చేతిలో నీళ్ళు కారుతోంది. అన్నయ్యకి ఫోన్ చేశాను. ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత, "డిస్కుల గురించి కంగారుపడకు, అవి ప్లాస్టిక్కే, కడుక్కోవచ్చు. అట్టలు చూడు" అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. డిస్కుల పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. మధ్యలోని కాగితం లేబుల్ తడవకుండా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, నిలబెట్టి ఆరబెట్టాను. కానీ అట్టలకి మూడు వారాలు పట్టింది.

తడిసిన కాగితంతో వచ్చే మొదటి చిక్కు బూజు. 48 గంటల్లో మొదలవుతుందంటారు, మాకు ఆ గడువు అప్పటికే దాటింది. రెండోది అంతకంటే దారుణం. నున్నటి పూత ఉన్న కాగితాలు ఒకదాని మీద ఒకటి ఆరిపోతే అతుక్కుపోతాయి. తర్వాత విడదీస్తే ఒకదాని బొమ్మ రెండోదాని మీదకి ఊడి వస్తుంది. అందుకని ఆరబెట్టడం కంటే ముందు విడదీయడం ముఖ్యం. నేలంతా దుప్పట్లు పరిచి 43 కవర్లనీ విడివిడిగా పెట్టాను. అన్నీ ఒకేసారి చూసుకోవడం నా వల్ల కాదని అరగంటలోనే అర్థమైంది. బాగా తడిసిన పదకొండింటిని ఒక్కొక్కటీ విడిగా సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేశాను. గడ్డకట్టిన కాగితం మీద బూజు పెరగదు. తీరిగ్గా, రోజుకి రెండు చొప్పున బయటికి తీసి ఆరబెట్టుకోవచ్చు. ఇలాంటి పరిస్థితి ఎవరికైనా వస్తే నేను ముందు చెప్పే మాట ఇదే. అన్నింటినీ మొదటి రోజే కాపాడేయాలనుకోకండి.

మిగతావాటి లోపల, మధ్యలో బ్లాటింగ్ పేపర్ పెట్టి, రెండు మూడు గంటలకోసారి మార్చి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా ఆరనిచ్చాను. హెయిర్ డ్రయ్యర్ వాడాలనిపించింది కానీ వాడలేదు. వేడికి పైపొర ముందు ముడుచుకుని అట్ట విల్లులా వంగిపోతుంది. కాస్త చెమ్మ మిగిలి ఉండగానే రెండు చదునైన చెక్కల మధ్య పెట్టి, పైన బరువు పెట్టాను.

ఆ రోజుల్లో నా చుట్టూ ఎన్ని బొమ్మలో. అన్నీ ఒకేసారి నేల మీద పరుచుకోవడం నేను చిన్నప్పుడు కూడా చూడలేదు. పెట్టెలో ఉన్నప్పుడు వీపులు మాత్రమే కనిపించేవి. బీటిల్స్ బృందం నలుగురూ వరుసగా రోడ్డు దాటుతున్న 'అబ్బీ రోడ్' అతుకు విడిపోయి పుస్తకంలా తెరుచుకుంది. 1969 ఆగస్టు 8న ఇయాన్ మెక్‌మిలన్ రోడ్డు మధ్య నిచ్చెన ఎక్కి ఆరు ఫొటోలు తీస్తే, అందులో ఒకటి ఈ కవరు అయింది. నాలుగు కాళ్ళ జతలూ ఒకే తీరుగా విచ్చుకున్న ఆ క్షణం కోసం మిగతా ఐదూ పక్కకి పోయాయి. జాయ్ డివిజన్ వాళ్ళ 'అన్‌నోన్ ప్లెజర్స్' (1979) నల్లగా ఉంటుంది కాబట్టి దాని మీద బూజు బూడిద చల్లినట్టు తెలిసిపోయింది. ముందువైపు బృందం పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు, కొండల వరుసలా తెల్ల గీతలు మాత్రమే. అవి కొండలు కావు. 1967లో ఖగోళ శాస్త్రవేత్త జోసెలిన్ బెల్ గుర్తించిన మొదటి పల్సార్, అంటే లయగా రేడియో తరంగాలు పంపే నక్షత్రం, దాని నుంచి వచ్చిన రేడియో స్పందనలు, ఒకదాని కింద ఒకటి పేర్చినవి. ఒక పుస్తకంలో తెల్ల కాగితం మీద నల్లగా ఉన్న ఆ బొమ్మను డిజైనర్ పీటర్ సావిల్ తిరగేసి నల్లటి దాని మీద తెల్లగా చేశాడు. అట్ట గరుకుగా ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో, మాస్క్ పెట్టుకుని, ఆరుబయట కూర్చుని ఆ గీతల మధ్య నుంచి బూజు దులుపుతుంటే నక్షత్రాన్ని శుభ్రం చేస్తున్నట్టే అనిపించింది. బూజును తడిగుడ్డతో తుడవకూడదు, లోపలికి పాకుతుంది. పూర్తిగా పొడిగా అయ్యాకే దులపాలి.

ఒకప్పుడు రికార్డులకి ఇన్ని బొమ్మలు లేవు. నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలం డిస్కులు మూడో నాలుగో కలిపి, ఫొటోల ఆల్బమ్‌లా కుట్టిన పుస్తకంలో అమ్మేవారు. ఆల్బమ్ అనే మాట అక్కడినుంచి వచ్చిందే. వాటికి సాదా గోధుమరంగు అట్టలు ఉండేవి. 1940లో కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు బొమ్మలు వేస్తానని పట్టుబట్టకపోతే నేను ఆ మూడు వారాలూ గోధుమరంగు అట్టలే ఆరబెట్టుకునేదాన్ని.

అతుకులకి గోధుమ స్టార్చ్ జిగురు, జపనీస్ టిష్యూ కాగితం వాడాను. కవరు లోపలివైపు నుంచి సన్నటి పట్టీ అంటిస్తే బయటికి కనిపించదు. పైగా ఎప్పుడైనా తీసేయాలంటే కొద్ది చెమ్మతో వచ్చేస్తుంది. అప్పట్లో అన్నయ్య నాలుగైదు కవర్లకి సెలోటేప్ వేశాడు. టేప్ ఎండి రాలిపోయినా దాని జిగురు మాత్రం పచ్చగా అట్టలోకి ఇంకిపోయింది. దయచేసి సెలోటేప్ వేయకండి. నీళ్ళు చేసిన నష్టం చాలావరకు పోయింది, టేప్ చేసింది పోలేదు.

నా కవరు దగ్గరికి చివర్లో వెళ్ళాను. చేతులకి పని అలవాటు పడనీ అనుకున్నాను. నల్ల తొడుగు ఇన్నేళ్ళలో ఇంకా ముడుచుకుని అట్ట మూలల్ని లోపలికి లాగేసింది. కోసిన పక్క నుంచి నీళ్ళు దూరి బయటికి పోలేకపోయాయి. దాన్ని అలాగే ఉంచితే అట్ట దక్కదు. స్టిక్కర్‌కి దూరంగా వెనకవైపు నిలువునా కత్తిరించి, ఒక్క ముక్కగా తీశాను. కత్తెర పెట్టేముందు అన్నయ్యని అడిగాను. "నువ్వేం చేసినా సరే" అన్నాడు. ఆ మాట నాకు తేలిగ్గా అనిపించలేదు.

ఆరాక చూస్తే కవరు ముందువైపు తెల్ల అంచు మీద, మండుతున్న మనిషి ఉన్న వైపు, గోధుమరంగు మరక కనిపించింది. నీటి మరకే అనుకున్నాను. మిగతా కవర్ల మీద అచ్చంగా అలాంటి రంగే దిగింది. రబ్బరు పొడి చల్లి, వేలి చివరతో మెల్లగా గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాను. పది నిమిషాలైనా ఏమీ తగ్గలేదు. ఎక్కువ రుద్దుతున్నానేమో అని భయమేసి ఆగి, భూతద్దం తెచ్చాను.

ప్రింటయిన రంగు ఏదైనా దగ్గరగా చూస్తే చుక్కలుగా విడిపోతుంది. నీలం, గులాబీ, పసుపు, నలుపు, ఈ నాలుగు రంగుల చుక్కలే. మరకకి చుక్కలుండవు, కాగితం పీచులో కలిసిపోయి ఒకటే రంగు ఉంటుంది. భూతద్దంలో మంటలు చూశాను. గులాబీ, పసుపు చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. సూటు నీడల్లో నల్ల చుక్కలు. అక్కడినుంచి భూతద్దాన్ని అంచు మీదకి జరిపాను. ఆ 'మరక'లోనూ చుక్కలే.

అది మరక కాదు. ఆ అంచును కాలినట్టుగా ప్రింట్ చేశారు. లోపలి మంట ఫొటో దాటి చట్రాన్ని కాల్చేసినట్టు. నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు ఆ మూల మీద వేలు పెట్టి వేడిగా ఉందా అని చూసుకున్నానో ఒక్కసారిగా గుర్తొచ్చింది. అప్పుడు నాకు అది తెలుసు. ఆ మనిషి నిప్పే అట్టకి అంటుకుందని, ఎప్పుడో ఒకరోజు కవరంతా కాలిపోతుందని నమ్మేదాన్ని. ఇన్నేళ్ళలో ఆ నమ్మకంతో పాటు ఆ అంచు కూడా మరిచిపోయాను. అరచేయంత తెర మీద చూసేటప్పుడు అంచు ఎవరి కంటా పడదు. సీడీలు వచ్చినప్పుడే బొమ్మ 12 సెంటీమీటర్లకి కుదించుకుపోయింది, వైశాల్యంలో ఎల్పీ కవరులో దాదాపు ఏడో వంతు.

అన్నయ్యకి ఫోన్ చేసి, "నేను దాన్ని రుద్దేశాను" అన్నాను. గొంతు వణికింది.

"ఏం కాదులే. కాలిన మచ్చని రుద్దితే పోతుందా?"

స్కానింగ్ గురించి ఎక్కువ చెప్పను. కవరు దాదాపు 31.5 సెంటీమీటర్ల చదరం, ఏ4 స్కానర్లో పట్టదు. నాలుగు ముక్కలుగా స్కాన్ చేసి, కంప్యూటర్లో అతికించాలి. 600 డీపీఐ పెట్టి, చుక్కల వల్ల వచ్చే గళ్ళు పోవడానికి డీస్క్రీన్ చేశాను. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. కవరు మధ్యలో గుండ్రటి అరుగుదల ఉంది. లోపలి డిస్కు అంచు, పక్క రికార్డుల ఒత్తిడికి ఏళ్ళ తరబడి రుద్దుకుని అట్ట మీద వలయం తేల్చేస్తుంది. పాత కవర్లన్నిటికీ ఉండేదే. మాదాని మీద ఆ వలయం సరిగ్గా కలిసిన చేతుల చుట్టూ పడింది. రెండు రాత్రులు కూర్చుని దాన్ని తెర మీద తుడిచేశాను. బొమ్మ కొత్తగా, తళతళలాడుతూ వచ్చింది. చాలాసేపు చూశాను. అది ఎవరి ఇంట్లోనైనా ఉండే బొమ్మ. వలయం లేనిది మాది కాదు. తుడవని స్కానునే దాచుకున్నాను.

ఆ రాత్రుల్లోనే ఆ ఫొటో కథ మళ్ళీ చదివాను. దాన్ని తీసింది హిప్నోసిస్ అనే డిజైన్ బృందంలో స్టార్మ్ థోర్గర్సన్‌తో కలిసి పనిచేసిన ఆబ్రీ పావెల్. వార్నర్ బ్రదర్స్ స్టూడియో ఆవరణలో తీశారు. మండుతున్నాయన రానీ రాండెల్ అనే స్టంట్‌మ్యాన్. సూటు కింద నిప్పు అంటని దుస్తులు, తలకి విగ్గు. మొదట గాలి ఎదురు తిరిగి మంట మొహం మీదకి కొట్టి ఆయన మీసం కాలింది. అప్పుడు ఇద్దరూ స్థానాలు మార్చుకుని నిలబడ్డారు. తర్వాత ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పేశారు. అంటే ఆయనకి నిజంగానే కాలింది. అన్నయ్య నాకు చెప్పిన జవాబు సగమే నిజం. కాలినా మళ్ళీ వచ్చి చెయ్యి కలిపాడు.

43 కవర్లలో 39 దక్కాయి. ఇప్పుడవి పీవీసీ కాని పారదర్శక తొడుగుల్లో నిటారుగా నిలబడి ఉన్నాయి. 'విష్ యూ వర్ హియర్' ఒక్కదాన్ని ఫ్రేమ్‌లో పెట్టాను. అతికించలేదు, మూలల దగ్గర కాగితపు జేబుల్లో ఇమిడి ఉంది. యూవీని ఆపే గాజు వేశాను, అయినా ఎండ పడని గోడకే తగిలించాను. వెలుతురుకి ముందు పసుపు, గులాబీ వెలిసిపోతాయి. ఈ బొమ్మలో ఆ రెండూ పోతే మంట పోయినట్టే.

పోయిన నెల అన్నయ్య వచ్చాడు. చెప్పులు విడుస్తూనే "ఏదీ?" అన్నాడు. గది బయటే ఆపి, "కళ్ళు మూసుకో" అన్నాను. మూసుకున్నాడు. నల్ల తొడుగును ముందే ఫ్రేమ్ మీద కప్పి ఉంచాను. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టి, ప్లాస్టిక్‌ని మెల్లగా కిందికి లాగాను. అదే చప్పుడు.

ఇంకా కళ్ళు తెరవకుండానే ఆయన నవ్వుతున్నాడు.